ఎడమవైపు బంతి

తొర్రెమార్,
12 సెప్టెంబరు 1977

పిన్నీ,

ముందుగా మదర్ తియోడోరా గారికి నమస్కారాలు. నీకొచ్చే ఉత్తరాలన్నీ ఆవిడ చదివాకే నీ చేతికిస్తారు కాబట్టి ఆవిడకే ముందు చెప్పుకుంటున్నాను. మదర్ గారూ, ఇది చదివి మా పిన్ని ప్రార్థన మధ్యలో గంతేస్తే ఏమీ అనకండి.

పిన్నీ, నిన్న నేను ఆడాను! బెంచీ మీద కూర్చోవడం కాదు, గోల్లో నిలబడ్డాను. ఫుట్‌బాల్ మొదటి డివిజన్‌లో, స్టేడియం నిండా జనం ముందు! గురువారం ప్రాక్టీసులో మకారియో గోలుస్తంభానికి చెయ్యి కొట్టుకుని మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కోచ్ నా దగ్గరికొచ్చి "నువ్వే" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. పదిహేడో ఏట ఇల్లు వదిలాను, ఇప్పుడు ఇరవై ఏడు. ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ ఆట చూస్తూ బెంచీలు అరగదీశాను. అలాంటివాడికి ఒక్క మాటతో చెప్పేశాడు.

శనివారం నుంచి గొంతులోకి ఏమీ దిగలేదు. ఇంటావిడ పెట్టిన వెల్లుల్లి సూపు ఆవిడ చూడకుండా కుక్కకి పోశాను. ఒక గోలుతో గెలిచాం. విచిత్రమేమిటంటే గెలిచాక కూడా భయం పోలేదు. అది లేచి వచ్చే ఆదివారం మీద కూర్చుంది. మా పని ఇంతే పిన్నీ. ముందు ఆడేవాడు పది పోగొట్టి ఒకటి కొడితే భుజాలమీద మోస్తారు. మేము పది పట్టి ఒకటి పోగొడితే ఊరంతా ఆ ఒక్కటే చెప్పుకుంటారు.

ప్రార్థన చెయ్యి. గట్టిగా చెయ్యి.

నీ ఎవెలియో


పెన్యాల్బా మఠం,
19 సెప్టెంబరు

ఒరే నా బంగారు తండ్రీ,

మదర్ గారు నీ ఉత్తరం భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించారు! మాటలు నిషేధమైన వేళ అది. సిస్టర్ ఒబ్దూలియాకి ఎనభై దాటాయా, లేచి చప్పట్లు కొట్టింది. మరునాడు తోటలో ఆవిడని తలుపు మధ్య నిలబెట్టి అందరూ క్యాబేజీ విసిరారు, గోల్‌కీపర్ అంటే ఏమిటో అర్థం కావాలని. ఒకటి పట్టుకుంది కూడా.

నవ్వుకున్నావా? ఇప్పుడు నా బాధ విను. నీకు అవకాశం రావాలని ఆగస్టు అంతా మోకాళ్ళమీద వేడుకున్నాను. వచ్చింది. ఎలా వచ్చింది? ఎవరో తల్లి కన్న బిడ్డ చెయ్యి విరిగి వచ్చింది. నేను అలా అడగలేదురా! ఎలాగన్నది నేను దేవుడికి చెప్పలేదు, అదే నా పొరపాటేమో. రాత్రి నిద్రపట్టక మదర్ గారిని అడిగితే, "కసిల్డా, నీ ప్రార్థనకి చెయ్యి విరిచేంత బలముంటే మన పైకప్పు ఎప్పుడో బాగయ్యేది" అన్నారు. అయినా మనసు ఒప్పక అతని మణికట్టు కోసం కూడా రోజూ వేడుకుంటున్నాను. నువ్వు ఏమీ అనుకోకు.

గుడ్డుసొన మిఠాయిలు ఒక పెట్టె పంపాను. కుక్కకి పెట్టావంటే నాకు తెలిసిపోతుంది.

మీ పిన్ని


తొర్రెమార్,
21 నవంబరు

పిన్నీ,

నువ్వు మకారియో కోసం ప్రార్థన కొంచెం తగ్గించాలి. అతనికి అప్పుడే పట్టీ తీసేశారు! తమాషాకి అంటున్నాలే. పూర్తిగా తమాషా మాత్రం కాదు.

బాగా ఆడుతున్నాను. నిన్న పెనాల్టీ కూడా పట్టాను. మొన్న వానలో ఒకడు దగ్గర్నుంచి కొట్టిన బంతి తిన్నగా మొహానికి తగిలి ఎడమ కన్ను వంకాయలా వాచింది. తగ్గిపోయింది, కంగారుపడకు. ముక్కు పక్కకి పోయి ఉంటే కొంచెం అందంగా ఉండేవాణ్ణని కుర్రాళ్ళు ఏడిపించారు.

మకారియోతోనే వచ్చింది చిక్కు. చెయ్యి పూర్తిగా కుదరలేదు కాబట్టి ఆడడు. ఆట జరుగుతున్నంతసేపూ గోలు వెనకాల అటూ ఇటూ పరుగెడుతుంటాడు, ఒళ్ళు వేడెక్కించుకుంటున్నట్టు. వాడి నీడ నా వీపుకి తగులుతుంటుంది. ఎప్పుడు పడతానా అని చూస్తున్నాడు. వాడి స్థానంలో నేనుంటే నేనూ అలాగే చూసేవాణ్ణి, అందుకే ఏమీ అనలేను.

నీ ఎవెలియో


పెన్యాల్బా,
22 జనవరి 1978

నాన్నా ఎవెలియో,

క్రిస్మస్‌కి నీ దగ్గర్నుంచి ఒక ముక్క కూడా రాలేదు. పనుల్లో ఉన్నావనుకున్నాను. ఇవాళ పాలు తెచ్చే హాసింతో వచ్చాడు. గోడలోని తిరుగుడు పెట్టెలో క్యాన్లు పెట్టి, అవతల నుంచి అరిచాడు. "సిస్టరూ, మీవాడికి నాలుగు పడ్డాయి! ఆఖరిదైతే మా మేకపిల్ల కూడా పట్టేది. రేడియోవాడు ఏడ్చినంత పని చేశాడు."

పెట్టె అవతల మనిషి మొహం కనపడదు కదా, వాడు నవ్వుతున్నాడో బాధపడుతున్నాడో తెలియలేదు. పాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ నాలుగో గోలు ఎందుకు వదిలేశావురా? ఏమైంది? ఒంట్లో బాగాలేదా? సమాధానం రాసేదాకా నాకు అన్నం సయించదు.

ఇంకో మాట. నవంబరు ఉత్తరంలో నీ గీతలన్నీ కుడివైపుకి జారిపోయాయి. కుదురుగా రాసే చెయ్యి నీది. బస్సులో రాశావా?

మీ పిన్ని


తొర్రెమార్,
30 జనవరి

పిన్నీ,

నువ్వు కూడానా?

"ఎందుకు వదిలేశావు" అని ఇక్కడ రొట్టెల కొట్టువాడు అడుగుతున్నాడు. స్టేడియం గోడమీద బొగ్గుతో రాశారు, ఎంతకి అమ్ముడుపోయావని. నిన్న ఆట మధ్యలో జనం వేళ్ళు రుద్దుకుంటూ, నోట్లు లెక్కపెడుతున్నట్టు చూపించారు. కావాలనే వదిలేశానట. అవతలివాళ్ళు నాకేదో ఇచ్చారట. ఈ మాట ఎవడు పుట్టించాడో నాకు తెలుసు, గోలు వెనకాల పరుగెత్తేవాడే. ఇప్పుడు కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. నేను ఆడుతుంటే "ఎడమ! ఎడమ!" అని వెనకనుంచి కేకలు, నా గుండె చెదరగొట్టడానికి.

వాళ్ళంతా అన్నారంటే అన్నారు. గోడల వెనక ఉన్న నీదాకా కూడా ఆ మాట చేరిందా? చేరితే నమ్మేశావా? నేను ఇల్లు వదిలిన నెలకే నువ్వు ఆ గోడల వెనక్కి వెళ్ళిపోయావు. సెలవులకి వస్తే తలుపుకి తాళం. ఆ రోజు నేను అడగలేదు, ఎందుకు వదిలేశావని. ఇప్పుడు నువ్వు నన్ను అడుగుతున్నావు.

ఎవెలియో


పెన్యాల్బా,
5 ఫిబ్రవరి

ఒరే,

నీ ఉత్తరం నాకిచ్చేటప్పుడు మదర్ గారు నా మొహం చూడలేదు. అప్పుడే తెలిసింది ఏదో ఉందని.

ముందు ఒకటి విను. ఆ పుకారు నాకు తెలియదు. దేవుడి సాక్షిగా తెలియదు. "వదిలేశావా" అంటే చేతిలోంచి జారిందా అని. చిన్నప్పుడు నీ చేతిలోంచి గుడ్లు జారితే ఏమనేదాన్ని? "ఎందుకు వదిలేశావురా" అనేదాన్ని కాదూ? అదే మాట, అదే గొంతు. నిన్ను ఎవరైనా కొనగలరని నేను అనుకుంటానా? చీపురుపుల్లలా సన్నగా ఉన్నప్పుడే, బేకరీవాడు పొరపాటున ఇచ్చిన రెండో రొట్టె వెనక్కిచ్చి వచ్చినవాడివి. నన్ను అడక్కుండా ఇచ్చావు, ఆ పూట మనిద్దరం అర్ధాకలితో పడుకున్నాం.

ఇక రెండోది. ఇది పదేళ్ళుగా నీ కడుపులో ఉందని నాకు తెలియదు. నేను మఠంలో చేరాలనుకున్నది పదహారో ఏట. అన్నీ సిద్ధమయ్యాయి. అక్క పోయింది, మీ నాన్న రైళ్ళతో తిరిగే మనిషి, నీకు ఆరేళ్ళు. ఆగాను. కుట్టుమిషను ముందు కూర్చుని, నువ్వు పెద్దవాడివయ్యేదాకా ఆగాను. నువ్వు వెళ్ళావని ఏడుస్తూ ఇక్కడికి రాలేదురా. నువ్వు వెళ్ళగలిగావని సంతోషంగా వచ్చాను. ఈ మాట నీకు ముందే చెప్పాల్సింది. నా కోసం పిన్ని ఏదో మానుకుందని నువ్వు బరువు మోస్తావని చెప్పలేదు. చెప్పకపోతే ఇంకో బరువు మోశావు.

ఇంతకీ నా ప్రశ్నకి జవాబు రాయలేదు. ఆ గీతలు ఎందుకు జారుతున్నాయి?

మీ పిన్ని


తొర్రెమార్,
6 మార్చి

పిన్నీ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. జేబులోనే ఉంది.

ఇప్పుడు నేను రాసేది మదర్ గారికీ నీకూ తప్ప ఎవరికీ తెలియకూడదు.

నా ఎడమ కంట్లో నల్లటి తెర దిగుతోంది. క్రిస్మస్ ముందు మూలలో మిణుగురుల్లా మెరుపులొచ్చేవి, అలసట అనుకున్నాను. జనవరికి ఆ వైపు నుంచి వచ్చే బంతి ఆఖరి క్షణం దాకా కనపడటం మానేసింది. ఆ నాలుగో గోలు నేను చూడనే లేదు పిన్నీ. వల కదిలితే వెనక్కి తిరిగాను.

పోయిన వారం వేరే ఊరు వెళ్ళి, పేరు మార్చి చెప్పి, డాక్టరుకి చూపించుకున్నాను. కంటి వెనక పొర ఊడుతోందట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైన ప్రతి రోజూ నష్టమే అన్నాడు. మళ్ళీ ఆడగలనా అంటే పెన్ను మూత పెట్టి "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగాడు. డబ్బులిచ్చి బయటికొచ్చేశాను.

నా ఇరకాటం చూడు. కన్ను సంగతి చెబితే నేను అమ్ముడుపోలేదని ఊరికి తెలుస్తుంది, ఆ రోజుతో నా ఆట అయిపోతుంది. చెప్పకపోతే ఆట ఉంటుంది, దొంగ అనే పేరూ ఉంటుంది. ఈస్టర్‌కి ముందు వారం, మట్టల ఆదివారం రోజున పెద్ద ఆట ఉంది. ఓడితే కింది డివిజన్‌కి జారిపోతాం. ఆడనా, మాననా? నాకు తోచడం లేదు. నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

నీ ఎవెలియో


పెన్యాల్బా,
10 మార్చి

నాన్నా,

ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మేము ఉత్తరాలు రాయకూడదు. మదర్ గారిని బతిమాలి, ఈ ఒక్కదానికి అనుమతి తీసుకున్నాను. హాసింతో నిన్న చెప్పాడు, నీ ఇంటి కిటికీ మీద రాయి వేశారట, నిన్ను తీసేసి మకారియోని నిలబెట్టమని ఊరేగింపు కూడా చేశారట. నా ప్రాణం కొట్టుకుపోతోంది.

ఒక్కటే చెబుతాను. నిలబడు. ఎవరేమన్నా, ఏది మీద పడ్డా, ఆ గోలు విడిచి పక్కకి రాకు. నువ్వు తప్పుకున్నావంటే వాళ్ళన్నదే నిజమని లోకం అనుకుంటుంది. మట్టల ఆదివారం నువ్వు ఆడాలి. తలెత్తుకుని ఆడాలి. నీ మనసు నిర్మలం, నాకది చాలు. మేమందరం ఆ పూట ఉపవాసముండి నీ కోసం వేడుకుంటాం.

మీ పిన్ని


పెన్యాల్బా,
27 మార్చి, ఈస్టర్ మరునాడు

ఎవెలియో, ఎవెలియో,

నువ్వు ఆడావా? ఆడలేదని రాయి! ఈ ఉత్తరం అందగానే తంతి కొట్టు!

మార్చి ఆరున రాసిన నీ ఉత్తరం నా చేతికి ఇవాళ ఇచ్చారు. తపస్సు కాలంలో వచ్చిన ఉత్తరాలన్నీ విప్పకుండా మదర్ గారి బల్లసొరుగులో ఉంటాయి, ఈస్టర్ దాకా. పదో తేదీన నేను నీకు "నిలబడు" అని రాస్తున్నప్పుడు నీ కన్ను సంగతి అదే గదిలో, నా మోచేతికి జానెడు దూరంలో, చీకట్లో పడి ఉంది. నేను పుకారుకి జవాబు రాశానురా. నీ కంటికి కాదు! నీ కంటికి నేనలా రాస్తానా?

మదర్ గారు ఏడుస్తున్నారు. నాకు ఏడుపు కూడా రావడం లేదు. హాసింతో పండక్కి వాళ్ళ ఊరెళ్ళాడు, అడగడానికి మనిషి లేడు.

ఆడలేదని రాయి నాన్నా.

పిన్ని


తొర్రెమార్,
4 ఏప్రిల్

పిన్నీ,

ఈ చేతిరాత చూసి భయపడకు. రెండు కళ్ళకీ కట్లున్నాయి. నేను చెబుతుంటే పక్కన కూర్చుని రాస్తున్నది ఎవరో తెలుసా? మకారియో. అక్షరాలు కోడి గీరినట్టుంటాయి, సర్దుకో. (అలా అని నాచేతే రాయిస్తున్నాడు, చూడండి.)

ఆడాను. ఇరవై నిమిషాలకే ఎడమవైపు నుంచి గోలు పడింది. స్టేడియం మొత్తం నోట్లు లెక్కపెట్టింది. విరామంలో లోపల అందరం కూర్చున్నాం. కోచ్ ఇంకా నోరు విప్పలేదు. నేను లేచి నిలబడి, "నాకు ఎడమ కన్ను కనపడటంలేదు. జనవరి నుంచీ కనపడటంలేదు" అన్నాను. అప్పుడు మకారియో అన్నాడు, "నాకు తెలుసురా."

పిన్నీ, గోలు వెనకాల పరుగెత్తి "ఎడమ, ఎడమ" అని అరిచింది నాకు బంతి చెప్పడానికి. నాకు కనపడటంలేదని వాడు నాకంటే ముందే పసిగట్టాడు. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. "నువ్వు నిలబడ్డది నా చోటే కదా. నేను చెబితే ఎవడు నమ్ముతాడు? నువ్వైనా నమ్ముతావా?" అన్నాడు. నిజమే, నమ్మేవాణ్ణి కాదు. పుకారు పుట్టించింది కూడా వాడు కాదు. ఎవడని ఇప్పుడు అడిగి ఏం లాభం.

రెండో సగం వాడు నిలబడ్డాడు, మణికట్టు బిగించి కట్టుకుని. ఒకటి-ఒకటితో గట్టెక్కాం. నన్ను ఆ సాయంత్రమే రైలెక్కించారు. ఆపరేషన్ అయింది, కట్లతోనే ఇక్కడికి తిరిగొచ్చాను. ఎంత మిగిలిందో కట్లు విప్పితే గాని తెలియదు.

నీ ఎవెలియో

అమ్మా, నేను మకారియోని, ఇది సొంతంగా రాస్తున్నాను. ఆ ఆదివారం ముందు మీ ఉత్తరం వచ్చిందట. ఆటకి వెళ్ళేముందు జేబు తట్టుకుని "మా పిన్ని నిలబడమంది" అన్నాడు. మీ మాటే వాడికి ధైర్యమిచ్చింది. నా చెయ్యి కోసం ప్రార్థించారని కూడా చెప్పాడు. మా అమ్మ తప్ప ఎవరూ చెయ్యని పని.


పెన్యాల్బా,
12 ఏప్రిల్

నాయనా మకారియో,

నీకు దేవుడు మేలు చెయ్యాలి. వాడికి ఇది చదివి వినిపించు.

ఎవెలియో, నేను నిన్ను నిలబెట్టాను. నా చేత్తో రాసి నిలబెట్టాను. ఆ డాక్టరు ప్రతి రోజూ నష్టమే అన్నాడు. ఆ రోజుల్ని నీ కంట్లోంచి తీసింది నేను. అందరూ నీ తప్పు కాదంటున్నారు, ఆ మాట వినపడినప్పుడల్లా చెవులు మూసుకుంటున్నాను. ఇకమీద నీకేదీ చెయ్యమని గానీ మానమని గానీ చెప్పను. ఉత్తరాలు కూడా రాయకపోవడమే మంచిదేమో.

పిన్ని


తొర్రెమార్,
18 జూన్

పిన్నీ,

రెండు నెలలు నువ్వు రాయలేదు. నేను రాసినవాటికీ జవాబు లేదు. మదర్ గారు మాత్రం రెండు ముక్కలు రాశారు, నువ్వు సరిగా తినడం లేదని. అందుకే ఇది నా చేత్తో రాస్తున్నాను. గీతలు జారితే జారనీ.

ఎడమ కంటికి వెలుగూ నీడా తెలుస్తున్నాయి. కిటికీ ఎటుందో తెలుస్తుంది, కిటికీలో ఎవరున్నారో తెలియదు. ఇంతే, ఇక పెరగదన్నారు. నా ఆట అయిపోయింది. రాసేశాను చూడు. మొదటి నెల గది బయటికి రాలేదు. ఆదివారం వస్తే చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి, స్టేడియం కేకలు వినపడకుండా. ఒకరోజు మకారియో తలుపు తన్ని, "నాకు బంతులు విసిరేవాడు లేడు, లే" అన్నాడు. వెళ్ళాను. ఒంటి కంటితో బంతి పట్టలేను గాని, పట్టేవాడి కాళ్ళు ఎక్కడ తప్పుతున్నాయో బాగానే కనపడుతుంది. క్లబ్బువాళ్ళు వచ్చే సీజనుకి గోల్‌కీపర్లకి నేర్పే పని ఇచ్చారు. సంతోషంగా ఉన్నానని చెప్పను. ఉండగలుగుతున్నాను. రొట్టెల కొట్టువాడు మొహం చాటేస్తున్నాడు, నేను మాత్రం అక్కడే కొంటున్నాను.

ఇప్పుడు అసలు మాట. మదర్ గారూ, దీన్ని దయచేసి మీరు పైకి చదివి వినిపించండి, కళ్ళు మూసుకుని కూర్చుంటుందేమో.

నువ్వు పదేళ్ళుగా మఠంలో ఉన్నావు. తపస్సు కాలంలో ఉత్తరాలు సొరుగులో ఉంటాయని నాకు తెలియదా పిన్నీ? ప్రతి ఏడూ ఆ నెలన్నర నేను నీకు రాయడమే మానేవాణ్ణి. మార్చి ఆరున రాస్తున్నప్పుడే తెలుసు, అది ఈస్టర్ దాకా నీకు అందదని. అందదనే అంత ధైర్యంగా రాశాను. అందితే నువ్వు మానమంటావని తెలుసు. తరవాత నీ "నిలబడు" వచ్చింది. అది పుకారుకి జవాబని మొదటి వాక్యంలోనే అర్థమైంది. అర్థం కానట్టు జేబులో పెట్టుకున్నాను, మకారియోకి కూడా అలాగే చెప్పాను. నాకు ఇంకొక్క ఆదివారం కావాలనిపించింది. అంతే. పదేళ్ళు బెంచీ మీద కూర్చున్నవాడికి ఒక్క ఆదివారం అంటే ఏమిటో నీకు చెప్పలేను. ఆ ఆలస్యం కంటికి చేటు చేసిందనే డాక్టరు అన్నాడు. ఆ చేటు చేసుకున్నది నేను. నా నుంచి దాన్ని లాక్కోకు.

బుధవారం బస్సుకి వస్తున్నాను. మదర్ గారు మాట్లాడుకునే గదిలో గంట సేపు ఇస్తామన్నారు. ఊచల అవతల మధ్యలో కూర్చోవద్దు, నా కుడిచేతి వైపుకి జరిగి కూర్చో. నాకు నీ మొహం మొత్తం కనపడాలి.

నీ ఎవెలియో